రాయి దొరకని ఊరు

మా ఊళ్ళో మామిడికాయ కొట్టాలంటే రాయి దొరికేది కాదు. ఈ మాట హైదరాబాదులో చెబితే నవ్వుతారు. ఇక్కడ పునాది తవ్వితే బండ, కిటికీ తెరిస్తే గుట్ట. మా దగ్గర ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఆ కింద ఇసుక, ఆ కింద ఉప్పునీళ్ళు. సఖినేటిపల్లి రేవు నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల ఉంటుంది మా ఊరు. చిన్నప్పుడు మేము చెట్టు మీదికి విసిరినవన్నీ మట్టిబెడ్డలు, రాలిన కొబ్బరి పిందెలు, పగిలిన పెంకు ముక్కలు. మట్టిబెడ్డ కొమ్మకు తగిలితే పొడై మా కళ్ళలోనే పడేది. పెంకు ముక్క విసిరితే ఆ పెంకు ఎవరి ఇంటి కప్పుదో వాళ్ళు వచ్చి తిట్టేవారు.

నేను రాయిని చేత్తో పట్టుకుని చూసింది ఏడో ఏట, ధవళేశ్వరంలో. నాన్న స్కూలు మాస్టారు. వేసవి సెలవుల్లో ఆనకట్ట చూపిస్తానని తీసుకెళ్ళారు. పాత ఆనకట్ట చోట కొత్త బ్యారేజీ కట్టిన రోజులవి. కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని, ఈ చోటే ఎంచుకోవడానికి పక్కనే కొండ ఉండి రాయి చేతికందడం కూడా ఒక కారణమని ఆయన పాఠం చెబుతూనే ఉన్నారు. నా ధ్యాస అంతా కాళ్ళ దగ్గరి రాళ్ళ మీద. గుప్పెడంత నల్లరాయి ఒకటి ఏరి నిక్కరు జేబులో వేసుకున్నాను. బస్సులో, తర్వాత రేవు దాటే పంటులో, జేబు మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను.

నాన్న చూసి నవ్వారు. "దీనికోసం ఇంత దూరం రావాలట్రా? మన ఊరంతా రాయే. నాసిక్ నుంచి కొండల్ని అరగదీసుకుంటూ వచ్చింది ఏరు. మన దగ్గరికి వచ్చేసరికి పిండి మిగిలింది, అంతే."

ఆ పిండి మీదే పుట్టాం, తిన్నాం, పెళ్ళిళ్ళు చేసుకున్నాం. అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు. రాయిని తీసుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని రెండుసార్లు కడిగి, మాగాయ ముక్కలు ఊరుతున్న జాడీ మూత మీద బరువుగా పెట్టింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా దాని ఉద్యోగం అదే.

మామ్మకు లోకంలో నీళ్ళు మూడు రకాలు: మంచినీళ్ళు, చప్పనీళ్ళు, ఉప్పునీళ్ళు. మా దొడ్లో బావి కార్తీక మాసానికి మంచినీళ్ళ బావి, శివరాత్రి దాటితే చప్పనీళ్ళది, వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక ఉప్పునీళ్ళది. పొలాల్లో నీళ్ళు నిలిచి ఉన్నంత కాలం అవి ఇంకి ఉప్పునీళ్ళ మీద పొరలా తేలుతాయి. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు. ఎండాకాలంలో పైపొర పలచబడుతుంది. ఆశపడి ఎక్కువ తోడితే కిందున్నవి పైకి వచ్చేస్తాయి. మామ్మ రోజూ పొద్దున్నే మొదటి చేద పైకి లాగి, వేలు ముంచి నాలుక చివర పెట్టుకునేది. అరక్షణం ఆగి, "ఇవాళ నాలుగు చేదలు చాలు" అనేది. ఐదో చేద వేయబోతే చేత్తో తాడు పట్టుకునేది. "బావిని అడగాలి నాన్నా, పిండకూడదు."

ఉప్పునీళ్ళలో కందిపప్పు ఉడకదు. ఎంతసేపు ఉంచినా పలుకులు పలుకులుగానే ఉంటుంది. అందుకని వేసవి మూడు నెలలూ మా ఇంట్లో పెసరపప్పే. కొత్త కోడలుగా వచ్చిన మా పిన్ని రాజమండ్రి పిల్ల. మొదటి వేసవిలో కందిపప్పుతో ముద్దపప్పు చేయబోయి మధ్యాహ్నం దాకా పొయ్యి ఊదుతూ కూర్చుంది. మామ్మ ఏమీ అనలేదు. మర్నాడు చెరువు నుంచి ఒక బిందె మంచినీళ్ళు విడిగా తెప్పించి, "ఇవి నీ పప్పుకి" అని పిన్ని ముందు పెట్టింది. పిన్ని ఇప్పటికీ ఆ బిందె సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంటుంది. పప్పు చేసే పద్ధతి కూడా నేలను బట్టే ఉంటుందని నాకు చాలాకాలం తర్వాత గానీ తట్టలేదు.

చెరువు అంటే ఊరి మంచినీళ్ళ చెరువు. కాలువలు కట్టేసే ముందు దాన్ని నింపి పెట్టుకునేవాళ్ళం. జూన్‌లో మళ్ళీ కాలువలు వదిలేదాకా ఊరంతటికీ అదే దిక్కు. ఎద్దుల్ని, బట్టల్ని దాని గట్టు ఎక్కనిచ్చేవారు కాదు. తెచ్చిన నీళ్ళు తేటపడటానికి చిల్లగింజను మట్టికుండ లోపల అరగదీసి నీళ్ళు పోసేవారు. పొద్దుటికి మడ్డి అడుగుకు దిగేది. ఆ కుండ అడుగున మిగిలే బురదను మామ్మ పారబోయకుండా తులసికోటలో వేసేది. అదీ నాన్న చెప్పిన పిండేగా.

ఇంతకీ ఆ కాలువ నీళ్ళు మా దాకా రావడమే ఒక విచిత్రం. మాదీ ఒక లంకే అనుకోండి, ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క వైనతేయ, కింద సముద్రం. మూడు వైపులా నీళ్ళుండి పొలానికి నీళ్ళు లేని నేల. ఆనకట్ట కట్టిన రోజుల్లోనే గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు కట్టి కాలువను ఏటి మీదుగా దాటించారు. కింద ఏరు, పైన కాలువ. పాతదాని పక్కన 2000లో కొత్తది కట్టి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వంతెనకు పేరు పెట్టడంలో ప్రభుత్వం ఎప్పుడో గానీ ఇంత సరిగ్గా ఆలోచించదు. సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో పోయారు. ఆవిడ ఉన్నది లంకల గన్నవరం, ఏరు దాటే దారి. దాటాలంటే పడవ రావాలి, పడవ రావాలంటే గాలి ఒప్పుకోవాలి, వాన ఆగాలి. ఈలోగా పొద్దు వాలిపోతుంది, మనిషికి ఆకలి వేస్తుంది. ఏ వేళకు వెళ్ళినా ఆవిడ ఇంట్లో విస్తరి వేసేవారు. ఆవిడ దయ ఆవిడదే, కాదనను. కానీ రేవు పక్క ఇల్లు కాకపోయి ఉంటే ఆ దయకు అంతమంది అతిథులు దొరికేవారు కాదు. మా వైపు ఏ ఇంటికి వెళ్ళినా మొదట "భోజనం చేశారా?" అనే అడుగుతారు. తాతయ్య అనేవారు, "పడవ కోసం నిలబడ్డవాడి మొహం చూస్తే ఆ మాటే నోట్లోకి వస్తుంది" అని.

మాకు తూర్పు పడమరలు పంచాంగం చూసేటప్పుడే. రోజువారీ మాటల్లో ఎగువ, దిగువ, ఏటికి ఇవతల, ఏటికి అవతల. పెళ్ళి సంబంధం ఏటి అవతలదైతే రెండుసార్లు ఆలోచించేవారు, వరదల్లో పురుడొస్తే పుట్టింటికి ఎలా పంపాలని. ఊళ్ళ పేర్లు చూడండి: అన్నీ లంకలు, కుర్రులు, తిప్పలు, పాలేలు. ఓడలరేవులో ఓడలు లేవు, పేరు మాత్రం ఉంది. ఏరు సముద్రంలో కలిసే చోటును పాలెంవాళ్ళు, అంటే చేపల వేటకు వెళ్ళేవాళ్ళు, మొగ అంటారు. "మొగ దాటాడు" అంటే వేటకు సముద్రంలోకి వెళ్ళాడని అర్థం. ఆ మాట వినగానే ఇంట్లో ఆడవాళ్ళ గొంతు తగ్గేది.

మా ఇల్లు మండువా లోగిలి, నడిమధ్య ఆకాశం కనిపించే ఇల్లు. తాతయ్య తండ్రిగారు కట్టించారు. ముందుగా వెనక దొడ్లో మట్టి తవ్వి, ఆ మట్టితో నడుమెత్తు పునాది వేశారు. తవ్విన చోటు చెరువైంది. మా వైపు ఇంటి వెనక నీళ్ళ గుంట ఉందంటే దానిలోని మట్టి ఇంటి కింద ఉందన్నమాట. స్తంభాలు టేకువి, భద్రాచలం అడవుల నుంచి తెప్పలు కట్టి ఏటి మీద తేల్చుకుంటూ తెచ్చినవి. గోడలకు గుల్ల సున్నం, సముద్రపు గుల్లల్ని కాల్చి గానుగ ఆడించింది. రాయి పై నుంచి పిండిగా వస్తే, సున్నం కింది నుంచి గవ్వలుగా వచ్చింది. వాసాలకు ఇనుప మేకులు వాడలేదు, చెక్క చీలలే. ఉప్పుగాలికి ఇనుము పదేళ్ళు నిలవదు. మా తలుపుల బందులు ఇత్తడివి. నాన్న తన జీతంతో దొడ్డిదారికి వేయించిన ఇనుప గేటు మాత్రం నేను కాలేజీలో చేరేలోగా పొరలు పొరలుగా ఊడిపోయింది.

మండువా సంగతి చాలామంది వెలుతురు కోసమనీ గాలి కోసమనీ రాస్తారు. మా మామ్మను అడిగితే నీళ్ళ కోసం అనేది. వాన రాగానే నాలుగు మూలల కింద గంగాళాలు, బిందెలు, చివరికి పాలచెంబు కూడా చేరేవి. మొదటి జల్లు వదిలేయాలి, అది పెంకుల మీది దుమ్ము కడుగుతుంది. రెండో జల్లు పట్టాలి. అర్ధరాత్రి వాన పడితే మమ్మల్ని లేపేది. నిద్రకళ్ళతో ఇత్తడి గంగాళం మోసుకుంటూ వెళుతుంటే చూరు నుంచి పడే ధార మెడ మీద చల్లగా తగిలేది. గంగాళం ఖాళీగా ఉన్నప్పుడు ధార చప్పుడు ఒకలా, సగం నిండాక ఒకలా ఉంటుంది. మంచం మీద నుంచే విని మామ్మ, "ఉత్తరం మూలది నిండింది, మార్చండి" అనేది. ఆ వాననీళ్ళు ఉంటే మర్నాడు కందిపప్పు.

వంటింటి మీద అటక నిండా కొబ్బరికాయలు. కింద పొయ్యి పొగ, పైన కాయలు. నెలల తరబడి అలా ఉంచితే లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పను వదిలి గుండ్రంగా ఊడుతుంది. ఊపితే లోపల దొర్లుతుంది. అదే కురిడీ. అంబాజీపేట మార్కెట్లో వాటి రకాల పేర్లు గండేరా, గటగట. పొద్దున్నే పేపరు రాగానే తాతయ్య ముందు ఆ ధరలే చదివేవారు, దేశంలో ఏం జరిగినా దాని తర్వాతే. దింపు తీసేవాళ్ళు వచ్చిన రోజు ఇంట్లో పండగ లాంటిది. చెట్టు మీద నుంచి మనిషి కేక వేయగానే పిల్లలం అరుగెక్కేయాలి. కాయలు కింద పడే చప్పుడు ఇసుకలో వేరు, బురదలో వేరు. ఒలుపు పని ముగిశాక డొక్కలు పొయ్యిలోకి, పీచు వ్యాపారికి, మట్టలు తడికలకు, ఈనెలు చీపుళ్ళకు పోయేవి. రాయి లేని లోటు మాకు చెట్టు తీర్చింది.

పులస సంగతి ఎప్పుడు రాస్తానా అని కొందరు చూస్తుంటారు. వరద రోజుల్లో ఉప్పునీళ్ళ నుంచి ఎర్రనీళ్ళకు ఎదురీది, సముద్రంలో ఇలసగా ఉన్నది ఏట్లో పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలంటారు. మా అమ్మ పుస్తెలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి, అందుచేత దాని రుచి గురించి నేను రాయలేను.

1986 ఆగస్టు. నాకు పదకొండేళ్ళు. భద్రాచలంలో 75.6 అడుగులు అని రేడియోలో చెప్పగానే తాతయ్య రేడియో కట్టేసి పంచె ఎగ్గట్టి ఏటిగట్టు మీదికి వెళ్ళిపోయారు. అక్కడ నీరెంతో తెలిస్తే మా దగ్గరికి ఎప్పుడొస్తుందో ఆ తరం మనుషులు వేళ్ళ మీద లెక్క కట్టేవారు. రెండు రాత్రులు ఊళ్ళో మగవాళ్ళందరూ లాంతర్లతో గట్టు మీదే ఉన్నారు, ఇసుక బస్తాలు వేస్తూ, ఎలుక బొరియలు పూడుస్తూ. మా దగ్గర గట్టు నిలిచింది గానీ ఎగువన ఎక్కడో గండి పడింది. నీళ్ళు హోరున వస్తాయని నేను భయపడుతూ కూర్చున్నాను. అవి అసలు చప్పుడే చేయలేదు. తెల్లవారి లేచి చూస్తే వీధిలో చెరువు పరచుకుని ఉంది, వాకిట్లో ముగ్గు చెరగకుండా నీళ్ళ అడుగున కనిపిస్తోంది. మా అరుగుకు ఐదు మెట్లు. మధ్యాహ్నానికి మూడు, సాయంత్రానికి నాలుగు మునిగాయి. ఐదో మెట్టు మీద ఒక పాము, రెండు కప్పలు పక్కపక్కనే కూర్చున్నాయి, ఎవరి జోలికి ఎవరూ పోలేదు. తాతయ్య స్తంభానికి ఆనుకుని, "మా నాన్న ఐదో మెట్టు వేయిస్తుంటే ఖర్చు దండగని అన్నాను" అన్నారు. నీరు తీశాక పొలంలో వేలెడు మందాన కొత్త ఒండ్రు మిగిలింది. ఆ ఏడు ఊడ్పులు ఆలస్యమయ్యాయి. మరుసటి ఏడు పంట మాత్రం చెప్పుకునేలా పండింది.

ఏరు తీసుకున్నా ఏదో ఒకటి పెట్టి పోతుంది. సముద్రం అలా కాదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మా వైపు పెంకులు లేపి వదిలేసింది. ముమ్మిడివరం వైపు మా మేనత్తగారి ఊరిని వదల్లేదు. మూడో రోజు నాన్న, నేను వెళ్ళాం. అమలాపురం దాటాక సైకిలు నడిచే దారి కూడా లేదు. కొబ్బరిచెట్లు వేలకు వేలు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడి ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. వాటి మీద ఎక్కి దిగుతూ వెళ్ళాం. మేనత్త మమ్మల్ని చూసి ఏడవలేదు. "నలభై ఏళ్ళ చెట్లు, అన్నయ్యా" అంది, మనుషుల వయసు చెప్పినట్టు. ఆ రాత్రి వెయ్యి మందికి పైగా పోయారు. వేటకు మొగ దాటి వెళ్ళి తిరిగిరాని వాళ్ళు ఎందరో. నాలుగు రోజుల్లో దీపావళి. ఆ ఊళ్ళో ఎవరూ ప్రమిద వెలిగించలేదు.

పాలేల్లో వెనకటికి చుట్టిళ్ళు ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు, చూరు మోకాళ్ళ దాకా. లోపలికి వెళ్ళాలంటే నడుం వంచాలి. మూలలు లేని ఇంటిని గాలి పట్టుకోలేదని పాలెం పెద్దలు చెప్పేవారు. గాలికి సరే, ఉప్పెన నీళ్ళకు మాత్రం మట్టిగోడ నిలవదు. తర్వాత శ్లాబు ఇళ్ళు వచ్చాయి. ప్రాణానికి భద్రం, అందులో అనుమానం లేదు. కానీ మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆ శ్లాబు కింద ఎవరైనా కూర్చోగలరేమో చూడమనండి. పక్కనే మళ్ళీ తాటాకు పాక వేసుకుని పగలంతా అందులోనే ఉంటారు. ఆడవాళ్ళు నర్సాపురం వ్యాపారులకు లేసు అల్లేదీ ఆ పాక నీడలోనే.

పండగలకూ నీళ్ళు దాటకుండా కుదరదు. కనుమ నాడు జగ్గన్నతోటకు పెదనాన్న నన్ను ఒకసారి తీసుకెళ్ళారు. అక్కడ గుడి లేదు, కొబ్బరితోట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ప్రభల మీద అక్కడికి వస్తారు. ప్రభ అంటే వెదురుతో కట్టి రంగుబట్టలు చుట్టిన ఎత్తైన చట్రం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు రావాలంటే కౌశిక కాలువ దాటాలి. వంతెన మీద పట్టవు. భుజాల మీద మోస్తూ నీళ్ళలోకి దిగుతారు. మెడలోతు నీళ్ళలో మనుషుల తలలు మాత్రమే కనిపిస్తున్నాయి, పైన రంగురంగుల ప్రభ ఒక పక్కకు ఒరుగుతోంది, గట్టు మీద వేలమంది "శరభ, అశ్శరభ" అంటున్నారు. ప్రభ మళ్ళీ నిటారుగా లేచినప్పుడు పెదనాన్న నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే గోళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. పచ్చటి చేలు తొక్కుకుంటూ ప్రభలు వెళతాయి, రైతు ఒక్క మాట అనడు. అదే చేలో మేక పడితే పంచాయతీ పెట్టే మనిషే.

ఈ నేల అందరినీ నిలబెట్టుకోలేదు కూడా. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూను వెళ్ళారు. బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు స్థిరపడిపోయింది. ఆ కోరంగిని 1839 ఉప్పెన ఊడ్చేసింది, ఇప్పుడు అక్కడికి జనం మడ అడవులు చూడటానికి వెళతారు. నా తరానికి రంగూను బదులు మస్కటు, కువైట్. మా బడిలో నా పక్కన కూర్చున్నవాళ్ళలో సగం మంది గల్ఫులో ఉన్నారు. వాళ్ళ మేడలకు స్తంభాలు, అద్దాలు అన్నీ ఉన్నాయి, అరుగు మాత్రం లేదు.

మా పొలం పక్క పొలం రొయ్యల చెరువైంది. దాని కోసం ఉప్పునీళ్ళు తోడి పోశారు. మామ్మ తన జీవితమంతా చేదలు లెక్కపెట్టి కింద ఆపిన ఉప్పును మోటారు పెట్టి పైకి లాగారన్నమాట. ఆ రైతును తిట్టను. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన రోజులు చూశాను. వరి వేసి నష్టపోయేవాడికి రొయ్య ఆశ చూపిస్తుంది. కానీ మా బావి ఇప్పుడు కార్తీకంలో కూడా ఉప్పగానే ఉంటుంది. ఇంటింటికీ ఇరవై లీటర్ల టిన్ను వస్తుంది. కందిపప్పు కుక్కరులో మూడు విజిళ్ళకు ఉడుకుతుంది.

మొన్న మాఘమాసంలో ఇల్లు విప్పించాం. కలప కొనే ఆయన స్తంభాల్ని గోటితో గిల్లి చూసి, "ఇంకో వందేళ్ళు నిలిచే సరుకండీ" అన్నాడు. విప్పుతున్నప్పుడు వంటింటి గూట్లో, విరిగిన జాడీ పక్కన, నా నల్లరాయి దొరికింది. నూనె, కారం పట్టి మెత్తగా నిగనిగలాడుతోంది. జేబులో వేసుకుని ఏటిగట్టు మీదికి నడిచాను.

ఎగువన ఆనకట్టలు పెరిగాక ఒండ్రు అక్కడే ఆగిపోతోంది. నాన్న చెప్పిన పిండి రావడం తగ్గింది. నేల పెరగడం మాని కోసుకుపోతోంది. గట్టు జారకుండా లారీలతో నల్లటి బండలు తెచ్చి పోశారు. మా ఊళ్ళో అన్ని రాళ్ళు ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. వాటి మధ్య చిన్న ముక్కలు ఏరుకుని నలుగురు పిల్లలు గట్టు దిగువ మామిడిచెట్టును కొడుతున్నారు. వాళ్ళ గురి బాగుంది, నాలుగైదు కాయలు అప్పటికే రాలి ఉన్నాయి. ఒకడు నా జేబు వంక చూసి, "మీ దగ్గర కూడా ఉందా అంకుల్?" అన్నాడు. ఉందన్నాను. ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు.